రెండో లెవెల్ పాస్‌వర్డ్

పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చిన ఏడాదే నాకు చిక్కడపల్లిలో ఉద్యోగం దొరికింది. తొంభైల మధ్యకాలం సంగతి. కిరాణా దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. ముందు గదిలో సార్ టేబుల్, ఒక ఫోను, గోడకు క్యాలెండరు. వెనక గదిలో ఇనుప పెట్టెలు, రంగురంగుల వైరు చుట్టలు, ఎప్పుడూ పోని సోల్డరింగ్ వాసన. ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే కంట్రోల్ ప్యానెళ్లు అక్కడ తయారుచేసేవాళ్లం. సార్, నేను, ఇద్దరు వైర్‌మెన్లు, అంతే.

మా ఇల్లు అశోక్ నగర్‌లో. పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని నడిచి వెళ్లేదాన్ని. దారి పొడుగునా కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్స్ షాపులు, టీ బండి దగ్గర నిలబడి ఒకరినొకరు జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు అడుక్కునే వాళ్లు. అందరూ సర్కారు కొలువు కోసం ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉన్నవాళ్లే. ప్రైవేటుదైతేనేం, నాకప్పుడే ఉద్యోగం వచ్చేసిందని వాళ్ల మధ్య నుంచి నడుస్తుంటే లోపల కాస్త గర్వంగా ఉండేది.

సార్ ఒక పెద్ద కర్మాగారంలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక ఈ ఆఫీసు పెట్టుకున్నారు. ఆయన కాలంలో కంట్రోల్ ప్యానెల్ అంటే గోడంత బీరువా, లోపల టకటకలాడే వందల రిలే స్విచ్‌లు. నేను చేరేసరికి ఆ పనంతా టిఫిన్ డబ్బా అంత పెట్టె చేయడం మొదలుపెట్టింది. దాన్ని పీఎల్‌సీ అనేవాళ్లం. కంప్యూటర్లో ప్రోగ్రాం రాసి, కేబుల్ పెట్టి అందులోకి ఎక్కిస్తే ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో అదే చూసుకునేది.

చేరిన వారంలోనే సార్ ఒక తెల్లకాగితం మీద మూడు అడ్డగీతలు గీసి నా ముందుకు జరిపారు.

"చూడమ్మా, మిషన్ కాడికి మూడు రకాలోళ్లు వస్తరు. నడిపేటోళ్లు, సరిజేసేటోళ్లు, తయారుజేసినోళ్లు. అందరికి అన్ని ఇస్తే ఆగమాగమైతది. అందుకే మూడు లెవెల్స్."

మొదటి లెవెల్‌కు పాస్‌వర్డ్ లేదు. ఎవరైనా స్టార్ట్, స్టాప్ నొక్కవచ్చు, చిన్న తెర మీద అంకెలు చూడవచ్చు. రెండో లెవెల్‌లో టైములు, వేడి మార్చుకోవచ్చు. దానికి నాలుగంకెల పాస్‌వర్డ్. మూడోది ప్రోగ్రామే. అది మార్చాలంటే కావలసిన పాస్‌వర్డ్ సార్‌కు తెలుసు, ఇకనుంచి నాకూ.

"ఇది ఎవ్వరికి చెప్పొద్దు. ఇంట్ల గూడ" అన్నారు.

ఇంట్లో చెప్పలేదు గానీ, నా దగ్గర ఒక రహస్యం ఉందని అమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఏందే, బ్యాంకు లాకర్ నంబరా?" అంది అమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"కాదమ్మా. మిషన్‌ది."

"మిషన్‌కు గూడ తాళమేస్తరా? పాపం, యాడికి పోతదే అది!"

నాన్న పేపరు మడిచి మరీ నవ్వాడు. నాకు మాత్రం ఆ నంబరు తలుచుకుంటే ఒంట్లో ఏదో బలం వచ్చినట్టుండేది. ఇరవై రెండేళ్ల వయసు. ఒక ఫ్యాక్టరీ మొత్తం నా తలలో ఉన్న అంకెలకు తలుపు తెరుస్తుందంటే ఆ వయసులో మాటలు కాదు.

నేను మొదటి నుంచి చివరిదాకా సొంతంగా ప్రోగ్రాం రాసింది నారాయణగూడలో ఒక బ్రెడ్డు ఫ్యాక్టరీకి. మెయిన్ రోడ్డు మీద నుంచి రెండు సందులు లోపలికి తిరిగితే వచ్చేది. అడ్రసు అడగనక్కర్లేదు, వాసనే తీసుకెళ్లేది. పిండి కలిపే పెద్ద మిక్సర్‌కు, ఓవెన్‌కు కొత్త ప్యానెల్ కావాలన్నారు యజమాని. ఆయనను అక్కడ అందరూ సేట్ అని పిలిచేవాళ్లు.

సేట్ కోరిక ఒక్కటే. "ఒక్కో దినం బ్రెడ్ ఒక్కో తీరు వస్తుంది మేడం. ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తుండ్రు. నాకు అన్ని దినాలు ఒక్కతీరే రావాలె. టైం ఎవ్వరు మార్చకుండ బంద్ పెట్టుండ్రి."

అలాగే పెట్టాను. మిక్సర్ ఎనిమిది నిమిషాలు తిరుగుతుంది. మధ్యలో స్టాప్ నొక్కితే ఆ బ్యాచ్ పాడైనట్టు లెక్కగట్టి, మళ్లీ మొదటి నుంచి తిప్పిస్తుంది. మోటారు ఆగాక కూడా లోపలి ఇనుప చెయ్యి ఊపు మీద కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, మిక్సర్ మూత తాళం నలభై సెకన్ల తర్వాత గానీ ఊడదు. ఈ టైములన్నీ ఒకే తెర మీద, రెండో లెవెల్ కింద పెట్టాం. ఆ పాస్‌వర్డ్ సేట్‌కు ఒక్కడికే ఇచ్చి, కాగితం ఆయన బీరువాలో పెట్టించాం.

ఆ మిక్సర్ దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ మాస్టర్ అనేవాళ్లు. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా ఎప్పుడూ పిండే. చిన్నప్పుడు పాత బేకరీల్లో పని నేర్చుకున్నాడట, అందుకే మాట తెలుగైనా లెక్క మాత్రం ఉర్దూలోనే. ప్యానెల్ బిగించిన రోజుల్లో ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు. తన పక్కన ఎవరో కొత్తవాళ్లు వచ్చి కూర్చున్నట్టు ఆ తెర వైపు చూసేవాడు.

వానలు పడ్డాక ఒకరోజు ఓవెన్ సెన్సర్ చూడమని నన్ను పంపారు. వెళ్లేసరికి మాస్టర్ రెండు చేతులతో పిండి ముద్దను ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది ముద్దలా లేదు, జిగురులా కిందికి సాగుతోంది.

"ఇటు రా బిడ్డా, ముట్టి చూడు" అన్నాడు.

ముట్టుకున్నాను. వేళ్లకు అంటుకుని వదల్లేదు.

"వానకు మైదా నెమ్ము పట్టింది. ఆరున్నర నిమిషాలకే తయారైంది పిండి. నాకు చప్పుడుతోనే తెలుస్తది. కానీ ఆపితే నీ మిషన్ మళ్ల మొదటికెల్లి తిప్పుతది. చూస్తూ చూస్తూ పాడు జేసుకున్న. పొద్దుగాల నుంచి మూడోది ఇది."

"సేట్‌ని అడగకపోయారా, మాస్టర్?"

"సేట్ యాడున్నడు? ఊరికి పోయిండు. ఇరవై అయిదేండ్ల నుంచి పిండి కలుపుతున్న. ఒక్క నిమిషం తగ్గియ్యనీకి నాకు హక్కు లేదా?"

ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను తినేసింది. పక్కన పారబోయడానికి పెట్టిన పిండి చూశాను. సార్‌కు ఫోను చేసి అడగవచ్చు. వద్దంటారని తెలుసు కాబట్టి చేయలేదు. ప్యానెల్ దగ్గరికి పిలిచి, రెండో లెవెల్ ఎలా తెరవాలో, మిక్సింగ్ టైము ఎలా మార్చాలో చూపించి, నాలుగంకెలూ చెవిలో చెప్పాను.

"మాస్టర్, ఇది మీకొక్కరికే. ఎవరికీ చెప్పొద్దు."

"ఒట్టు బిడ్డా" అన్నాడు. చెయ్యి గుడ్డతో శుభ్రంగా తుడుచుకుని, చూపుడు వేలితో ఒక్కో బటనూ నొక్కాడు. నొక్కుతూ పైకి అన్నాడు. "సాత్. దో. నౌ. చార్."

నాకు నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వాడు. లెక్క పెదవి దాటకుండా చేయడం ఆయనకు చేతకాదు. అప్పుడే గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఆ తర్వాత నెలల్లో సేట్ ఆఫీసుకు ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు. బ్రెడ్డు రోజూ ఒకే తీరు వస్తోందట, మిషన్ మహిమట. వానకు ఆరున్నర, చలికి పది, ఎండాకాలం ఏడు అని రోజూ మార్చేది మాస్టర్ అని నాకొక్కదానికే తెలుసు. నేను వెళ్లినప్పుడల్లా పాత పేపర్లో చుట్టి వేడి బన్ను ఒకటి చేతిలో పెట్టేవాడు. నారాయణగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి దాన్ని తినేదాన్ని. ఆ రుచి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

మధ్యాహ్నం షిఫ్టులో మిక్సర్ నడిపేది వేరే అతను; మాస్టర్ అతనికి టైము పెట్టి ఇచ్చి, సాయంత్రం దాకా ఓవెన్ దగ్గర ఉండేవాడు. ముప్పై ఏళ్లుంటాయి. డిగ్రీ చదివి, గ్రూప్స్ పరీక్షల కోసం నల్లగొండ వైపు నుంచి వచ్చి, మా అశోక్ నగర్లోనే గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. పొద్దున కోచింగ్, పన్నెండు నుంచి ఫ్యాక్టరీ. లెక్క ప్రకారం బ్యాచ్‌లు అయిపోతే ఇంటికి పోవచ్చు. అతనికి ఇల్లంటే లైబ్రరీయే. అది ఎనిమిదింటికి మూసేవారు. నన్ను మేడం అనకుండా అక్కా అనేవాడు, నాకంటే పెద్దవాడైనా.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి ఆఫీసు ఫోను మోగింది. సార్ సైట్‌కు వెళ్లారు. నేనే ఎత్తాను.

"జల్ది రండి మేడం" అన్నాడు సేట్. "మిక్సర్ల చెయ్యి పెట్టిండు. దవాఖానకు తీస్కపోయిండ్రు."

ఆటోలో వెళ్లాను. మిక్సర్ మూత తెరిచే ఉంది. లోపల పిండి అలాగే ఎండిపోతోంది. పిండి అయిందో లేదో చూద్దామని మూత ఎత్తి చెయ్యి పెట్టాడట గ్రూప్స్ చదివే అతను. ఆగీ ఆగకుండా తిరుగుతున్న ఇనుప చెయ్యి కుడి మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగింది. ఇంకొంచెం ఊపు మీద ఉంటే ఏమయ్యేదో అని అక్కడున్నవాళ్లు గుండెల మీద చేతులు వేసుకున్నారు.

ప్యానెల్ తెర మీద రెండో లెవెల్ తెరిచి చూశాను. మూత టైము నలభై ఉండాల్సిన చోట రెండు ఉంది. ఎవరో మార్చారు.

సేట్ తన గదిలో మా అందరినీ నిలబెట్టాడు. "నంబర్ నా బీరువాల ఉంది. బయటికెట్ల వచ్చింది?"

నేను చెప్పబోయే లోపలే మాస్టర్ ముందుకు వచ్చాడు.

"నేనే సేట్. మేడం నొక్కంగ దొంగసాటుగ చూసిన. పిల్లగాండ్ల ముందల నేనే నొక్కిన. వాళ్లు నేర్చుకున్నరు."

అది అబద్ధమని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఆయన నా వైపు చూడలేదు. నేనూ నోరు విప్పలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు సేట్. మాస్టర్ తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు. ఆ నిమిషం గుర్తొస్తే నాకు ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

ఆ పూట అన్నం ముట్టుకోలేదు. అమ్మ ఎన్నిసార్లు అడిగినా తలనొప్పి అన్నాను. పొద్దున్నే ఆఫీసు తాళాలు తీయకముందే మెట్ల మీద సార్ కోసం కూర్చున్నాను. ఆయన వచ్చి స్కూటర్ స్టాండు వేస్తుండగానే జరిగిందంతా చెప్పేశాను. పాస్‌వర్డ్ నేనే ఇచ్చానని, నిన్న నోరు మూసుకుని ఊరుకున్నానని, అన్నీ.

సార్ పైకి వచ్చి కుర్చీలో కూర్చుని, "మూత టైం ఏ లెవెల్ల ఉండె?" అని అడిగారు.

"రెండో లెవెల్‌లో సార్."

"రెండో దాంట్ల ఎందుకు పెట్టినవ్?"

"టైములన్నీ ఒక్క తెర మీదనే ఉండాలని మీరే అన్నారు సార్. చూసుకోవడానికి ఈజీ అని."

ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "అవును. నేనే అన్న. పిండి టైం, చెయ్యి కాపాడే టైం ఒక్క కాడ పెట్టినం. నంబర్ ఇచ్చుడు నీ తప్పు. కానీ అది తెరిస్తే మనిషి చెయ్యి పోయేటట్టు పెట్టింది నా తప్పు. నాదే పెద్దది."

నన్ను వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ మీద నేరుగా నారాయణగూడ తీసుకెళ్లారు. సేట్ ముందు నేను చెప్పాల్సింది నేను చెప్పాను. తర్వాత సార్ తన సంగతి చెప్పారు.

సేట్ మొదట భగ్గుమన్నాడు. "అయితే అన్ని లెవెల్స్ బంద్ చెయ్యుండ్రి. ఎవ్వరికి ఏం దొరకొద్దు. మీరొచ్చి మార్చుండ్రి ఏదన్న ఉంటే."

"అట్లయితే రోజూ పొద్దుగాల నేనొచ్చి మైదా ముట్టి చూడాల్నా?" అన్నారు సార్ నెమ్మదిగా. "నాకేం తెలుస్తది సేట్ సాబ్? ఇన్ని నెలల నుంచి మీ బ్రెడ్ ఒక్కతీరు వచ్చింది మిషన్‌తోని కాదు. ఆ ముసలాయనతోని. మిక్సింగ్ టైం ఆయన చేతిలనే ఉండాలె. మూత టైం ఎవ్వరి చేతిల ఉండొద్దు. మీ చేతిల గూడ."

సేట్ చివరికి మాస్టర్ ఇంటికి మనిషిని పంపాడు.

రెండు రోజుల తర్వాత మాస్టరూ నేనూ కలిసి దెబ్బతిన్న అతన్ని చూడటానికి వెళ్లాం. అశోక్ నగర్ సందులో మేడ మీద రేకుల గది. నలుగురి చాపలు, గోడకంతా భారతదేశ పటం, దండెం మీద ఆరేసిన చొక్కాలు. అతను కట్టుతో కూర్చుని ఎడమ చేత్తో నోట్‌బుక్కులో రాస్తున్నాడు. అక్షరాలు చిన్నపిల్లలు రాసినట్టు వంకరటింకరగా ఉన్నాయి. పరీక్ష మూడు వారాల్లో ఉంది.

మాస్టర్‌ను చూడగానే అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనే మార్చిన మాస్టర్. మీరు రోజూ నొక్కేటప్పుడు ఇనిపించేది. ఒక్కో బ్యాచ్‌కు నలభై సెకన్లు ఊకె నిలబడాలె. అన్ని గలిపితే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలుంటే లైబ్రరీల కుర్సీ దొరుకుతదని..."

"నాకెందుకు చెప్పలె? జర ముందు పంపకపోదునా?" అన్నాడు మాస్టర్.

"అడగనీకి మొకం చెల్లలె."

మాస్టర్ అతని మంచి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నేను కూడా చెప్పాను, ఆ నంబరు మాస్టర్‌కు ఇచ్చింది నేనేనని. అతను నన్ను తిట్టలేదు. "నువ్వు మంచికే ఇచ్చినవ్ అక్కా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఆ వారమంతా సార్, నేను ఆ ప్యానెల్ ముందే గడిపాం. మూత టైమును రెండో లెవెల్ నుంచి తీసేసి ప్రోగ్రాం లోపల పెట్టేశాం. అంతటితో సార్‌కు తృప్తి కాలేదు. ఇనుప చెయ్యి తిరిగే ఇరుసు దగ్గర ఒక చిన్న సెన్సర్ బిగించారు. అది నిజంగా ఆగిపోయిందని ఆ సెన్సర్ చెబితేనే మూత తాళం ఊడుతుంది. సెకన్ల లెక్కను నమ్ముకోవడం ముందే మానుకోవాల్సిందని ఆయన స్క్రూలు బిగిస్తూ తనలో తాను అనుకోవడం విన్నాను. ఇనుప చెయ్యి ఆగగానే మూత తాళం ఊడటంతో, చాలా బ్యాచ్‌లకు నలభై సెకన్లు కూడా పట్టడం లేదని తేలింది. రెండో లెవెల్‌కు మాస్టర్‌కొక నంబరు, మధ్యాహ్నం షిఫ్టుకొక నంబరు విడిగా ఇచ్చాం. ఏది ఎవరికో ఒక కార్డు మీద తెలుగులో రాసి, సేట్‌తో సంతకం చేయించాం.

ఆ పరీక్ష అతనికి పోయింది. ఎడమ చేత్తో రాశాడు గానీ టైము సరిపోలేదు. సేట్ వైద్యం ఖర్చు పెట్టుకుని, కట్టు విప్పేదాకా జీతం ఇచ్చాడు. సార్ అంత గట్టిగా మాట్లాడకపోతే ఇచ్చేవాడో లేదో నాకు తెలియదు. తర్వాతి నోటిఫికేషన్‌లో అతనికి ఒక మండల ఆఫీసులో కొలువు వచ్చింది. ఆ వార్త చెప్పడానికి చిక్కడపల్లి ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. కుడి మణికట్టు కొంచెం వంకరగానే ఉండిపోయింది. సార్ అతనికి చాయ్ తెప్పించి, ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి వదిలేశారు.

నేను ఆ ఆఫీసులో ఇంకో నాలుగేళ్లు చేశాను. ఎన్నో ఫ్యాక్టరీలకు ప్రోగ్రాంలు రాశాను. ప్రతిచోటా లెవెల్స్ పెట్టే ముందు ఒకపూట ఆ యంత్రం దగ్గర ఊరికే నిలబడేదాన్ని. ఎవరు ఏం ముట్టుకుంటున్నారో, ఎవరికి ఏం తెలుసో చూసి గానీ కాగితం మీద గీతలు గీసేదాన్ని కాదు.

మాస్టర్ పని మానేసే రోజున నన్ను రమ్మని కబురు పెట్టాడు. మోకాళ్లు నొప్పులట, కూతురి దగ్గరికి జనగామ పోతానన్నాడు. వెళ్లేసరికి ఆయన స్థానంలో వచ్చిన కొత్త మనిషికి ప్యానెల్ చూపిస్తున్నాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"ఇగో, ఇది మన పని. ఈడ వానకు తగ్గియ్యి, చలికి పెంచు. నీ చెవిని నమ్ము" అంటున్నాడు. తర్వాత మిక్సర్ మూత మీద అరచెయ్యి వేశాడు. "ఇది మాత్రం ఎవ్వరి పని గాదు. నేను గూడ అడగలె, నువ్వు గూడ అడగకు. ఎంతసేపైతే అంతసేపు నిలబడు."

కొత్తమనిషి తలూపాడు. మాస్టర్ నన్ను చూసి, కడుక్కున్న చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ, "వచ్చినవా బిడ్డా, కూసో. ఓవెన్ల బన్నులున్నయ్, అయిదు నిమిషాలల్ల వస్తయ్" అన్నాడు.